పెద్ద హాల్లో పాట మాటలు తెలియట్లేదు: తప్పు మైకుదా, కట్టడానిదా?

పెరంబూరు_శేషు
పోయిన శనివారం నాన్నని ఒక సంగీత కార్యక్రమానికి తీసుకెళ్ళాను. ఆయనకి డెబ్బై నాలుగేళ్ళు. ఊరి బయట ఉన్న పెద్ద హాలు. కార్ల ఎగ్జిబిషన్లు, పెళ్ళిళ్ళు, కంపెనీ మీటింగులు, కచేరీలు అన్నీ అందులోనే. పేరు చెప్పడం నాకిష్టం లేదు, ఆ ఒక్క హాల్లోనే జరిగే సంగతి కూడా కాదిది. టికెట్టు మనిషికి రెండు వేల ఐదొందలు. పాత తెలుగు పాటలు పాడారు. ఒక్క చరణం కూడా మాటలు విడివిడిగా తెలియలేదు. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం వచ్చి పడి అంతా కలగాపులగం. మోత మాత్రం గుండెల్లో కొట్టింది. నాన్న సగంలోనే "బయట కూర్చుంటా, మీరు చూసి రండి" అని లేచారు.

తిరిగొస్తూ చెన్నై సెంట్రల్ స్టేషన్ దాటుతుంటే విక్టోరియా పబ్లిక్ హాలు చూపించి, "మా తాత అందులో పద్యనాటకం చూశాడంట. మైకు లేదు. వెనక బెంచీ వాళ్ళకి కూడా పద్యం అందేదంట" అన్నారు. అప్పటినుంచి ఇదే ఆలోచన. అప్పుడు మైకు లేకుండా అందింది, ఇప్పుడు అన్ని స్పీకర్లు పెట్టినా ఎందుకు అందట్లేదు? నాన్న చెవుల్లో ఏ లోపమూ లేదు, మొన్ననే పరీక్ష చేయించాం.

నెల్లూరి_నాని
మాదీ ఇదే బాధ అన్నా. ఒకసారి స్టేజీకి ఎడమ పక్కన పైవరుసలో కూర్చున్నాం. డ్రమ్ములు తప్ప ఏమీ తెలియలేదు. మా ఆవిడ అది ఏ పాటో ఫోన్లో వెతికి చెప్పింది.

సౌండ్_బాషా
పందొమ్మిదేళ్ళుగా లైవ్ సౌండ్ పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. పాడిన మాట మీ చెవికి ముందు స్పీకర్ నుంచి నేరుగా వస్తుంది. తర్వాత అదే మాట గోడకి, పైకప్పుకి తగిలి మళ్ళీ వస్తుంది. ఈ రెండూ సెకనులో ఇరవయ్యో వంతు లోపల వస్తే చెవి వాటిని ఒకటిగా కలిపేసుకుంటుంది, మాట ఇంకా బలంగా వినిపిస్తుంది. ఆ గడువు దాటితే రెండో మాట మొదటిదానికి అడ్డం పడుతుంది. దూరంలో లెక్క వేస్తే ఆ గడువు 17 మీటర్లు. చిన్న హాల్లో గోడలు దగ్గర, కాబట్టి తిరిగొచ్చే మాటల్లో చాలాభాగం సాయమే చేస్తాయి. వంద మీటర్ల పొడవున్న షెడ్డులో మీరు ముందు వరుసలో ఉన్నారనుకోండి. వెనక గోడ దాకా పోయి మాట తిరిగొచ్చేసరికి అరసెకను పైనే అవుతుంది. అప్పటికి పాడేవాళ్ళు రెండు మూడు అక్షరాలు ముందుకి పోయి ఉంటారు.

ఇది ఒక భాగం. రెండోది మోగుడు. పాట ఆపేశాక కూడా హాలు ఎంతసేపు మోగుతుందనేది. మాటకి ఒక సెకను దగ్గర ఉంటే హాయి. పెద్ద ఆర్కెస్ట్రాకి రెండు సెకన్లు అందం. కాంక్రీటు నేల, రేకు కప్పు, అద్దాల గోడలు ఉన్న షెడ్లు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగైదు సెకన్లు మోగడం నేను చాలాసార్లు చూశాను. అలాంటి చోట సౌండ్ పెంచితే మోగుడు కూడా అంతే పెరుగుతుంది. జనం "వినపడట్లేదు, పెంచండి" అంటారు. పెంచితే ఇంకా పాడవుతుంది. ఆ సమయంలో మా టెన్షన్ మాకే తెలుసు.

నెల్లూరి_నాని
మరి గోల్కొండలో కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది కదా బాషా భాయ్. అప్పటివాళ్ళకి తెలిసిన విద్య ఇప్పటి ఇంజనీర్లకి తెలియదా?

సౌండ్_బాషా
చప్పట్లు ఒక్క దెబ్బ. అది పైకి చేరితే చాలు, కాపలావాళ్ళకి కబురు అందినట్టే. అదే దర్వాజా కింద నిలబడి పద్యం చదివితే పైనున్నవాళ్ళకి అర్థం తెలుస్తుందని నేననుకోను. కబురు చేర్చే కట్టడం వేరు, మాట వినిపించే కట్టడం వేరు.

మాంబళం_మాధవి
శేషు గారి ముత్తాతగారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, పాతకాలపు హాళ్ళన్నీ అమృతం అనుకోవద్దు. మైకు లేనప్పుడు గొంతు పెద్దదైతేనే స్టేజీ మీద చోటు. మెత్తగా పాడేవాళ్ళని, వీణ వాయించేవాళ్ళని ముందు నాలుగు వరుసలవాళ్ళే వినగలిగేవాళ్ళు. మైకు వచ్చాకే మెత్తటి గొంతుకి హాల్లో చోటు దొరికింది. మా అమ్మమ్మ వీణ వాయించేది. మైకు లేని రోజుల్లో తన వాయిద్యం గదికి పరిమితమైపోయిందని చివరిదాకా బాధపడింది.

ఇంకో సంగతి. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు మద్రాసు వచ్చినప్పుడు స్వాగతసభ పెట్టింది ఈ విక్టోరియా హాల్లోనే. లోపల పట్టనంత జనం బయట నిలబడిపోతే ఆయన బయటికొచ్చి బండెక్కి, గీతలో కృష్ణుడిలా రథం మీద నుంచి చెప్తున్నానని అంటూ మాట్లాడారు. ఆ గోలలో మాట సాగక కొద్దిసేపటికే ఆపేయాల్సి వచ్చింది. రెండు రోజుల తర్వాత అదే హాల్లో అసలు ఉపన్యాసం ఇచ్చారు. మైకు లేకపోతే ఎంత గొప్ప వక్త మాటైనా కొంత దూరమే పోతుంది.

పెరంబూరు_శేషు
మాధవి గారూ, మీ అమ్మమ్మగారి సంగతి చదివి మనసు కదిలింది. నేనలా ఆలోచించలేదు. ఐతే నా ప్రశ్న మైకు వద్దని కాదు. మైకు ఉన్నా ఎందుకు అందట్లేదన్నదే.

సున్నం_ఇటుక
పాత కట్టడాల మరమ్మత్తులే నా వృత్తి. విక్టోరియా పబ్లిక్ హాలు గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే ఆ హాలు మన తెలుగువాళ్ళది కూడా అని చాలామందికి తెలియదు.

దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి. ప్లాను గీసింది రాబర్ట్ చిషోల్మ్. కట్టింది తాటికొండ నంబెరుమాళ్ శెట్టి గారు, తెలుగు కుటుంబం. చేత్‌పట్ అన్న పేటకి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు. 1880ల చివర లేచిన కట్టడం అది. ఎర్ర ఇటుక, సున్నం. పడమటి వైపు చదరపు గోపురం, దాని మీద కేరళ ఇళ్ళ పద్ధతిలో పిరమిడ్ లాంటి కప్పు. కింద ఒక హాలు, పైన ఒక హాలు, ఒక్కోదాంట్లో ఆరు వందల మంది దాకా పడతారు. తూర్పు చివర చెక్క గ్యాలరీ. ఉత్తరాన, దక్షిణాన పొడుగునా కమానుల వరండాలు.

ఆ వరండాల సంగతి గుర్తుపెట్టుకోండి, శేషు గారి ప్రశ్నకి సగం జవాబు అందులో ఉంది. ఫ్యాను లేని రోజుల్లో, మద్రాసు ఎండల్లో ఆరు వందల మంది ఒకచోట కూర్చోవాలంటే పక్క తలుపులు, కిటికీలు బార్లా తెరవాల్సిందే. తెరిచిన కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం మళ్ళీ లోపలికి రాదు. అంటే గాలి కోసం పెట్టిన కిటికీలు మోగుడునీ తగ్గించేవి. ఇప్పటి హాలుకి ఏసీ ఉంది కాబట్టి అన్నీ మూసేస్తాం. చల్లదనం బయటికి పోకూడదని మూసిన డబ్బాలోంచి శబ్దం కూడా పోదు.

సౌండ్_బాషా
సార్, దండం. ఇంత సూటిగా నేను చెప్పలేకపోయాను. మీరన్న తెరిచిన కిటికీయే ఈ శాస్త్రానికి మొదటి కొలత కూడా. హార్వర్డ్‌లో సాబిన్ అనే ఫిజిక్స్ మాస్టారు ఉండేవారు. 1895లో కొత్తగా కట్టిన ఒక మ్యూజియం ఉపన్యాసాల హాల్లో మాట తెలియట్లేదంటే ఆయన్ని చూడమన్నారు. పక్క థియేటర్లోంచి కుర్చీల మీద వేసే మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, ఆ హాల్లో పరిచి, ఆర్గన్ గొట్టం ఊది, మోగుడు ఎంతసేపుందో గడియారం పెట్టి కొలిచేవారు. తెల్లారేలోపు మెత్తలన్నీ మళ్ళీ వాటి చోట పెట్టేయాలి. అలా రాత్రుల తరబడి చేస్తే తేలిన లెక్క ఇది: హాలు ఎంత పెద్దదైతే మోగుడు అంత ఎక్కువ, శబ్దాన్ని తాగేసే వస్తువులు ఎన్ని ఉంటే అంత తక్కువ. ఏ వస్తువు ఎంత తాగుతుందో ఆయన తెరిచిన కిటికీతో పోల్చి చెప్పారు. మనుషులు కూడా తాగుతారు. అందుకే ఖాళీ హాల్లో సౌండ్ చూసుకుని సాయంత్రం జనం వచ్చాక మళ్ళీ సరిచేస్తాం.

వాల్టాక్స్_రామం
నా వయసు డెబ్బై దాటింది, వాల్టాక్స్ రోడ్డులోనే పుట్టాను. విక్టోరియా హాలు మాట ఎత్తారు కాబట్టి ఒక ముక్క కలుపుతాను. బళ్ళారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి సరస వినోదిని సభ 1891లో మద్రాసుకొచ్చి తెలుగు నాటకాలు వేసింది. అవి చూసిన తమిళ యువకుడు పమ్మల్ సంబంధ ముదలియార్, చదువుకున్నవాళ్ళు నాటకం వేస్తే ఇంత గౌరవంగా ఉంటుందా అనుకుని అదే ఏడాది సుగుణ విలాస సభ పెట్టారు. ఆ సభ చాలా ఏళ్ళు విక్టోరియా హాల్లోనే నడిచింది, తెలుగు నాటకాలూ వేసింది. మన బళ్ళారి రాఘవ గారు కూడా ఆ సభలో ఆడారు. తమిళ నాటకానికి మలుపు తిప్పింది తెలుగు నాటకమని మా నాన్న చెప్తే చిన్నప్పుడు నమ్మలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆ హాలు నాటకాలకే ఉండిపోలేదు. 1890ల్లోనే బొమ్మలు కదిలే ఆట, అంటే సినిమా, వేశారు. 1916 నవంబరులో త్యాగరాయ శెట్టి గారూ, నాయర్ గారూ కూడి బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీకి పునాది వేసిందీ అక్కడే. నా చిన్నతనానికి మాత్రం నాటకాల సందడి పోయింది. మేం ఆ గోడ పక్కనుంచి నడిచి మూర్ మార్కెట్‌కి పాత పుస్తకాలకి వెళ్ళేవాళ్ళం.

అన్నానగర్_పద్మజ
రామం గారూ, మూర్ మార్కెట్ గురించి ఇంకా రాయండి. మా అత్తగారు ఇప్పటికీ ఆ పేరు ఎత్తితే కళ్ళు తుడుచుకుంటారు.

వాల్టాక్స్_రామం
ఏం రాయమంటారమ్మా. 1900లో తెరిచారు, 1985 మేలో కాలిపోయింది. ఆ పక్కనే పీపుల్స్ పార్కు. అందులో జంతుప్రదర్శనశాల. దాన్ని మేం "ఉయిర్ కాలేజీ" అనేవాళ్ళం, ఎగ్మూరు మ్యూజియం "సెత్త కాలేజీ". బతికున్నవి ఒకచోట, చచ్చినవి ఇంకోచోట. అదే 1985లో జంతువుల్ని వండలూరుకి మార్చారు. పార్కు నేలలోనే కార్పొరేషన్ స్టేడియం వచ్చింది, దాన్నే తర్వాత నెహ్రూ స్టేడియం అన్నారు. ఇప్పుడు మీరు చూసే పెద్ద స్టేడియం 1993లో కట్టింది. అంటే పులి గాండ్రించిన నేల మీద క్రికెట్, క్రికెట్ ఆడినచోట ఫుట్‌బాల్, ఆ ఆవరణలోనే ఇండోర్ స్టేడియం.

క్రికెట్_పిచ్చి
1956 జనవరి! న్యూజిలాండ్ మీద మన్కడ్, పంకజ్ రాయ్ 413 పరుగుల ఓపెనింగ్ భాగస్వామ్యం ఆ కార్పొరేషన్ స్టేడియంలోనే. 2008 దాకా ఆ రికార్డు నిలిచింది. నిలబెట్టిన నేలకి ఒక పలక కూడా ఉండాలి అంటాను.

వాల్టాక్స్_రామం
మా నాన్న ఆ ఆట చూశారు బాబూ. రెండో రోజు భోజనానికి ఇంటికి రాలేదని అమ్మ అలిగింది. ఇంట్లో ఆ కథ చాలా ఏళ్ళు నడిచింది.

మాంబళం_మాధవి
ఇండోర్ స్టేడియం అన్నారు కాబట్టి చూడండి. 2013లో ఆనంద్, కార్ల్‌సన్ పోటీకి ప్రారంభోత్సవం అక్కడే, 2022 జులైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభం కూడా అక్కడే. రెండుసార్లూ చెస్ ఆట వేరే చోట, పండగ మాత్రం స్టేడియంలో. కబడ్డీ, బ్యాడ్మింటన్ ఆడే కప్పు కింద పాటలు, డాన్సులు, పెద్దవాళ్ళ ప్రసంగాలు. అన్నిటికీ ఒకే కట్టడం వాడుకోవడం తప్పు కాదు. వేలమంది ఎండావానా లేకుండా ఒకచోట కూర్చోగలిగే చోట్లు ఊళ్ళో ఎన్ని ఉన్నాయి?

సున్నం_ఇటుక
వాడుకోవడం తప్పని నేనూ అనను. ఏ ఒక్క పనికో కట్టి ఆ పని పోగానే తాళం వేసిన కట్టడాలు ఎలా కూలిపోతాయో రోజూ చూస్తున్నాను. కానీ ఆట స్టేడియం ఎలా కడతారు? మధ్యలో స్తంభం ఉండకూడదు, బంతి ఎగిరేంత ఎత్తు కావాలి, చుట్టూ మెట్లలా కుర్చీలు, అందరి చూపూ మధ్యకి. కచేరీ వచ్చేసరికి స్టేజీ ఒక చివర పెడతారు. నలువైపులా కూర్చోవాల్సిన జనాన్ని ఒక వైపుకి తిప్పుతారు. ఆటలో జనం కేకలు మోగితే అందరికీ ఉత్సాహం. ఆ మోగుడే పాటకి శత్రువు. కట్టేటప్పుడే ఈ రెండు పనులూ ఆలోచించి పైకప్పు కింద దళసరి పలకలు, గోడలకి దూది లాంటి మెత్తటి పొర పెట్టించాలి. ఖర్చు తగ్గించాలనుకుంటే మొదట కొట్టేసేది ఆ పద్దే. కంటికి కనపడదు కదా.

లండన్_లక్ష్మి
చెన్నైలో పెరిగి ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళు. మీరంతా చెప్తున్న జబ్బు ఇక్కడి రాయల్ ఆల్బర్ట్ హాలుకి వందేళ్ళు ఉంది. 1871లో తెరిచారు. గుడ్డు ఆకారంలో పెద్ద గుండ్రటి హాలు, పైన అద్దాల గుమ్మటం. మొదటి రోజు నుంచే ప్రతిధ్వని. గుమ్మటం కింద పెద్ద గుడ్డ కట్టి చూశారు, ఇంకా ఏవేవో చేశారు. చివరికి 1969లో ఫైబర్‌గ్లాస్‌తో చేసిన పెద్ద పెద్ద పళ్ళేలు పైనుంచి వేలాడదీశారు, వాటిని అందరూ పుట్టగొడుగులు అంటారు. అప్పటికి గాని మోగుడు అదుపులోకి రాలేదు. అందులో ఆర్కెస్ట్రా, బాక్సింగు, టెన్నిస్ అన్నీ జరుగుతాయి. 1991లో జపాన్ సుమో కుస్తీ కూడా పెట్టారు. 2019లో మన తెలుగువాళ్ళు తీసిన సినిమా వేసి కింద ఆర్కెస్ట్రా వాయించారు. ఆ రోజు నేను చివరి అంతస్తులో కూర్చున్నాను. తీగవాయిద్యాలు పైదాకా విడివిడిగా తెలిశాయి. తల పైకెత్తి ఆ పుట్టగొడుగులకి మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను.

బసవనగుడి_కుమార్
మా బెంగళూరులో చౌడయ్య మెమోరియల్ హాలు ఉంది. మైసూరు చౌడయ్య గారి జ్ఞాపకంగా 1980లో తెరిచారు. కట్టడమే వయొలిన్ ఆకారం, తీగలూ బిరడలతో సహా. మొదటిసారి చూసినప్పుడు వయొలిన్ ఆకారం కాబట్టి శబ్దం బాగుంటుందనుకున్నాను. నిజమేనా బాషా గారూ?

సౌండ్_బాషా
బయటి ఆకారం కంటికి, లోపలి ఆకారం చెవికి. వయొలిన్ చెక్క పల్చగా ఉండి కంపిస్తుంది, కాంక్రీటు అలా కంపించదు. లోపలి కప్పు, గోడలు, కుర్చీలే చూసుకోవాలి.

బసవనగుడి_కుమార్
ఐనా దాన్ని చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. ఒక విద్వాంసుడి వాయిద్యాన్ని ఊరంతా కనపడేలా నిలబెట్టారు. అది కూడా కట్టడం చేసే పనే అని నా నమ్మకం.

సున్నం_ఇటుక
కుమార్ గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

అన్నానగర్_పద్మజ
కట్టడాల పనులు మారడం గురించైతే కలైవాణర్ అరంగం కథ వినండి. ఓమందూరార్ ఎస్టేట్‌లో 1952లో శాసనసభ కోసం హాలు కట్టారు. ఆంధ్ర ఇంకా విడిపోలేదు, సభ్యులు 375 మంది. ప్రకాశం పంతులు గారు వాదించిన సభ అదే. తర్వాత శాసనసభ సెయింట్ జార్జి కోటకి తిరిగి వెళ్ళిపోయింది, ఈ హాలు పిల్లల థియేటర్ అయింది, ఆ తర్వాత కలైవాణర్ (హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్) పేరుతో నాటకాల హాలు. కొత్త శాసనసభ భవనాలకని దాన్ని పడగొట్టారు. ఆ కొత్త భవనం 2014లో ఆసుపత్రి అయింది. అరంగాన్ని మళ్ళీ కొత్తగా కట్టి 2016లో తెరిచారు. 2020లో కరోనా వచ్చి, కోటలో దూరం దూరంగా కూర్చోవడానికి చోటు చాలకపోతే శాసనసభ మళ్ళీ కలైవాణర్ అరంగానికే వచ్చింది! ఆ రోజు వార్తల్లో చూస్తూ మా ఆయనకి ఈ కథంతా చెప్పాను, అన్నం చల్లారిపోయింది.

నెల్లూరి_నాని
అక్కా, ఇది సినిమా కథకంటే బాగుంది.

వాల్టాక్స్_రామం
పద్మజమ్మ చెప్పింది నిజం. మన టీనగర్ వాణీ మహల్ కూడా ఎవరు మొదలుపెట్టారో తెలుసా, చిత్తూరు నాగయ్య గారు. సినిమాలో సంపాదించింది సంగీతానికి పెట్టారు.

పెరంబూరు_శేషు
ఈ పోస్టులన్నీ నాన్నకి చదివి వినిపించాను. వరండా కిటికీల ముక్క రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన ఒక మాట అన్నారు. పద్యం చివర రాగం సాగదీయడం గొంతు చూపించుకోవడానికే కాదంట. అక్షరానికీ అక్షరానికీ మధ్య చోటు ఉంటే హాలు మోగినా మాట చెడదని పాత నటులు చెప్పేవారంట. బాషా గారూ, ఇది సరేనా?

సౌండ్_బాషా
నూటికి నూరుపాళ్ళు. మోగే చోట నెమ్మదిగా పలికితే ముందు అక్షరం చల్లారాక తర్వాతది వస్తుంది. రాతి మంటపంలో మంత్రం నిదానంగా చదివితే ఎంత బాగుంటుందో, అక్కడే గబగబా ఉపన్యాసం ఇస్తే ఎంత చెడిపోతుందో మీరు వినే ఉంటారు. మీ నాన్నగారికి నా నమస్కారాలు.

మాంబళం_మాధవి
శేషు గారూ, మీ నాన్నగారికి పద్యాలు వచ్చా?

పెరంబూరు_శేషు
వచ్చు. ఊళ్ళో ఉన్నప్పుడు హార్మోనియం పక్కన నిలబడి చదివేవారు. ఇక్కడికొచ్చాక ఇంట్లో కూనిరాగమే. మా అపార్ట్‌మెంట్‌లో ఒక హాలు ఉంది, ఈ నెల చివర చదివిద్దామని ఉంది. కానీ అందులో పిల్లల పుట్టినరోజు చేసినప్పుడు ఒకరి మాట ఒకరికి తెలియలేదు. పొడవు యాభై అడుగులు, వెడల్పు ముప్పై, ఎత్తు పన్నెండు. నేల టైల్స్. గోడలు పెయింటు వేసిన సిమెంటు.

సౌండ్_బాషా
లెక్క వేశాను. ఖాళీగా ఉంటే నాలుగు సెకన్ల పైనే మోగుతుంది. అరవై మంది కూర్చుంటే రెండు లోపలికి వస్తుంది. ఇరవై బొంతలు గోడలకి వేలాడదీస్తే ఇంచుమించు ఒకటింబావు. అది చాలు, మైకు అక్కర్లేదు. బొంత గోడకి అంటుకోకుండా జానెడు దూరంలో తాడు మీద వేయండి, ఎక్కువ తాగుతుంది. స్టేజీ వెనక గోడకి మాత్రం ఏమీ కట్టొద్దు. నాన్నగారి గొంతు ఆ గోడకి తగిలి ముందుకి రావాలి. కిటికీలు తెరవండి, కానీ రోడ్డు వైపువి కాదు.

అన్నానగర్_పద్మజ
మా ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంతలు ఆరు ఉన్నాయి. అత్తగారు కుట్టినవి. ఇస్తాను.

వాల్టాక్స్_రామం
నావి రెండు. హార్మోనియం కూడా ఉంది, తిత్తి బాగు చేయించాలి.

నెల్లూరి_నాని
తాళ్ళు, మేకులు నావి. శనివారం రాత్రే వచ్చి కడతాను అన్నా.

మాంబళం_మాధవి
పద్యాల తర్వాత పది నిమిషాలు వీణకి ఇస్తారా? అమ్మమ్మ వీణ నా దగ్గరే ఉంది. మైకు లేకుండా వెనక వరుసకి అందుతుందో లేదో నాకూ తెలుసుకోవాలని ఉంది.

పెరంబూరు_శేషు
తప్పకుండా రండి. అందరూ రండి. అడ్రసు విడిగా పంపిస్తాను.

పెరంబూరు_శేషు
నిన్న జరిగింది. రాలేనివాళ్ళ కోసం రాస్తున్నాను. అరవై అనుకుంటే డెబ్బై మంది దాకా వచ్చారు. బొంతలు ఇరవై రెండు అయ్యాయి. కట్టకముందు నాని చప్పట్లు కొడితే హాలు గణగణమంది, కట్టాక కొడితే టక్కున ఆగింది, పిల్లలు ఆ తేడా చూడటానికి గంటసేపు చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నాన్న మొదటి పద్యానికి గొంతు వణికింది. రెండో పద్యం నుంచి నిలబడింది. రామం గారు హార్మోనియం మీద శ్రుతి అందించారు. నేను కావాలనే చివరి వరుసలో గోడ పక్కన కూర్చున్నాను. ప్రతి మాట తెలిసింది. "ఒన్స్‌మోర్" అన్నది నేను కాదు, మూడో అంతస్తులో ఉండే తమిళ తాతగారు.

మాధవి గారి వీణ ఏడో వరుస దాకా బాగా అందింది. ఆ వెనక మంద్రస్థాయి తెలియలేదు. అప్పుడు వెనకవాళ్ళంతా కుర్చీలు వదిలేసి ముందుకొచ్చి నేల మీద కూర్చున్నారు.

మాంబళం_మాధవి
అలా అందరూ లేచి వచ్చి చుట్టూ కూర్చున్నప్పుడు నాకు వేళ్ళు ఆడలేదు. అమ్మమ్మ ఉంటే బాగుండేది.

సౌండ్_బాషా
ఫోన్లో కొలిచాను. జనంతో, బొంతలతో 1.2 సెకన్లు. నా పందొమ్మిదేళ్ళ పనిలో స్పీకర్ లేకుండా చేసిన మొదటి కార్యక్రమం ఇదే.

పెరంబూరు_శేషు
నాలుగు బొంతలు ఎవరివో తెలియలేదు, మా ఇంట్లో ఉన్నాయి. ఒకదానికి ఆకుపచ్చ అంచు, ఒకదాని మీద నెమళ్ళు, రెండు నీలం. నాన్న ఉతికించి మడతపెట్టారు. వచ్చి తీసుకెళ్ళండి.

అన్నానగర్_పద్మజ
నెమళ్ళది మాదే. కానీ వచ్చే నెల కూడా ఉందంటే అక్కడే ఉంచండి.